పాప తల మీద ఒట్టు వేయించకండి

నొప్పి మాత్రల మత్తు, చికిత్స, పిల్లలున్న ఇల్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ట్రమడాల్, టాపెంటడాల్ లాంటి నొప్పి మాత్రలకు, కోడీన్ కలిసిన దగ్గు మందుకు, మత్తు ఇంజెక్షన్లకు అలవాటు పడిన తల్లిదండ్రుల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి జవాబిస్తున్నాం. అన్నీ నల్లమందు జాతి మందులే. వీటికి పట్టే మత్తూ, చేసే చికిత్సా దాదాపు ఒకటే. ఇక్కడ రాసిన మోతాదులు విషయం అర్థం కావడానికే. మీ మోతాదు మీ డాక్టరే చెప్పాలి.

మా ఆయన లారీ డ్రైవరు. మూడేళ్ల కిందట నడుం నొప్పికి మొదలుపెట్టిన ట్రమడాల్ క్యాప్సూల్స్ ఇప్పుడు రోజుకి పన్నెండు దాకా వెళ్లాయి. రెండు రోజులు మానతాడు, మళ్లీ మొదలు. పోయిన నెల ఫిట్స్ వచ్చాయి. మానినందుకే వచ్చాయని అందరూ అంటున్నారు. మా పాపకి ఏడేళ్లు. దాని తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు, పది రోజులు కూడా నిలబడలేదు. అయ్యప్ప మాల వేయిస్తే మారతాడని మా అత్తగారు అంటున్నారు. – పాఠకురాలు, పల్నాడు జిల్లా

అమ్మా, ముందు ఫిట్స్ సంగతి చూద్దాం. క్యాప్సూల్ ఒక్కోటి 50 మి.గ్రా. అయితే పన్నెండంటే 600. డాక్టర్లు రోజుకి 400 దాటనివ్వరు, దాటేకొద్దీ ఫిట్స్ ప్రమాదం పెరుగుతుంది. అంటే ఇవి మానినందుకు కాక, వేసుకున్నందుకే వచ్చి ఉండవచ్చు. రెండు రోజులు మాని, ఆ బాధ ఓర్చుకోలేక ఒక్కసారే ఏడెనిమిది మింగినప్పుడు ఇలా జరుగుతుంటుంది. ఇంకో కారణం కూడా ఉండవచ్చు. నిద్రకని ఆల్ప్రజోలామ్ లాంటి మాత్రలో, మద్యమో అలవాటుండి వాటిని ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ వస్తాయి. అందుకే డాక్టరు దగ్గర ట్రమడాల్ ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు. ఇంట్లో దొరికిన ఖాళీ స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి. రోజుకి ఎన్ని, చివరిసారి ఎప్పుడు, ఫిట్స్ ఏ రోజున, దానికి ముందు ఎన్ని మింగాడు, ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. డిప్రెషన్ మాత్రలు వాడుతుంటే అదీ రాయండి. అవి ట్రమడాల్‌తో కలిస్తే ఫిట్స్ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మానినప్పుడు ఆయన పడే బాధ నటన కాదు. చివరి మాత్ర వేసుకున్న 12 నుంచి 24 గంటల్లో ఆవలింతలు, ముక్కు కారడం, గగుర్పాటు, కాళ్లు లాగడం మొదలవుతాయి. రెండు మూడు రోజులకి విరేచనాలు, కడుపులో మెలి, నిద్ర లేకపోవడం బాగా ముదురుతాయి. వారం పది రోజులకి ఒళ్లు కుదుటపడినా, నిద్ర సరిపడటానికి వారాలు పడుతుంది. ట్రమడాల్‌కి అలవాటు పడినవాళ్లలో కొందరికి విపరీతమైన భయం, చేతుల్లో తిమ్మిర్లు, అయోమయం కూడా వస్తాయి. గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే పద్ధతి అందుకే ప్రమాదం. ఫిట్స్ వచ్చిన మనిషిని ఇంట్లో మాన్పించాలని అసలు చూడకండి.

గుంటూరు లాంటి చోట్ల ప్రభుత్వ బోధనాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. దగ్గర్లో ఏ చికిత్సా కేంద్రం ఉందో 14446 నంబరుకి ఫోన్ చేస్తే చెబుతారు. అది కేంద్ర ప్రభుత్వపు ఉచిత నంబరు. భయం, నిద్రలేమి, చచ్చిపోదామనే మాటలు ఉంటే టెలీమానస్ 14416కి రాత్రయినా చేయవచ్చు.

అక్కడ చేసేది రెండు రకాల్లో ఒకటి. అలవాటు తక్కువగా ఉంటే ట్రమడాల్‌నే వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మీ ఆయన వాడకం చూస్తే బుప్రెనార్ఫిన్ (నల్లమందు జాతిదే అయినా ఈ అలవాటు మాన్పించడానికి వాడే మందు), నాలోక్సోన్ (నల్లమందు జాతి మందులకు విరుగుడు) కలిసిన మాత్ర మొదలుపెట్టే అవకాశమే ఎక్కువ. నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇది. మామూలు మెడికల్ షాపులో దొరకదు, చికిత్సా కేంద్రంలోనే ఇస్తారు. దీనిలో ఒక మెలిక ఉంది. ఒంట్లో ట్రమడాల్ పూర్తిగా పనిచేస్తుండగానే ఇది వేస్తే, బుప్రెనార్ఫిన్ దాన్ని పక్కకి నెట్టేస్తుంది. దాంతో రెండు రోజుల్లో రావాల్సిన బాధంతా అరగంటలో మీద పడుతుంది. ‘ఆ మందు నాకు పడలేదు’ అని మొదటి రోజే పారిపోయేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. కాబట్టి చివరి ట్రమడాల్ ఎప్పుడు మింగాడో అబద్ధం చెప్పకూడదు. కనీసం 12 గంటలు గడిచి, ఆవలింతలు, గగుర్పాటు కనిపించాకే మొదటి 2 మి.గ్రా. ఇస్తారు. గంటా రెండు గంటలు చూసి ఇంకొంత ఇస్తారు. మొదటి రోజు మొత్తం సాధారణంగా 8 మి.గ్రా. దాటదు. తర్వాత కొందరికి రోజుకి 4, 6 మి.గ్రా. సరిపోతాయి, కొందరికి 16 దాకా కావాలి. మోతాదు కుదిరేదాకా లారీ ఎక్కనివ్వకండి. ఫిట్స్ వచ్చాయి కాబట్టి మళ్లీ బండి ఎప్పుడు నడపవచ్చో డాక్టరు చెప్పాల్సిందే. నడుం నొప్పి నిజంగా ఉంటే దానికీ వేరే వైద్యం అడగండి. అది అలాగే ఉంటే రేపు మళ్లీ అదే మాత్ర దగ్గరికి తోస్తుంది.

ఇక మాల. వేళకి లేవడం, తోటి స్వాముల తోడు, నియమం చాలామందికి నిజంగానే బలాన్నిస్తాయి. మేం వద్దనడం లేదు. కానీ మాల చికిత్సకి తోడుగా ఉండాలి, చికిత్స బదులు కాదు. దీక్ష 41 రోజులు. ఆ 41 రోజులూ చికిత్స మందూ, పాత మాత్రా ఏదీ లేకుండా నెట్టుకొస్తే, అంతకుముందు పన్నెండు మాత్రలు తట్టుకున్న శరీరం ఆ తట్టుకునే శక్తిని పోగొట్టుకుంటుంది. మాల తీసిన రోజు పాత లెక్కలోనే మింగితే ఊపిరి ఆగిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. జైలు నుంచి, ‘మాన్పించే’ సెంటర్ల నుంచి బయటికొచ్చిన మొదటి వారాల్లో జరిగే చావుల వెనకా ఇదే ఉంది. బుప్రెనార్ఫిన్ వాడుతూ మాల వేసుకోవచ్చు. జబ్బుకి వాడే మందు దీక్షకి అడ్డు కాదని గురుస్వామితో ముందే మాట్లాడుకోండి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఒట్టు గురించి. ఏడేళ్ల పిల్ల ఒట్టుని అక్షరాలా నమ్ముతుంది. నాన్న మళ్లీ మాత్ర వేసుకుంటే తనకేదో అవుతుందనుకుంటుంది. తనకి జ్వరం వస్తే నాన్న తప్పాడని అనుమానిస్తుంది, లేదా నాన్నని మాన్పించలేకపోయిన తప్పు తనదే అనుకుంటుంది. అటు ఆయనేమో తప్పిన రోజున బిడ్డ మొహం చూడలేక దాస్తాడు. దాచిన రోజునే ఎక్కువ మింగుతాడు. మన ఊళ్లలో ‘ఒట్టు తీసి గట్టున పెట్టు’ అంటారు కదా, ఆ పని పాప ఎదురుగానే చేయండి. ‘నీ మీద ఒట్టు ఇంక లేదు. నాన్నకి జబ్బు చేసింది. నాన్న, డాక్టరు గారు కలిసి చూసుకుంటారు. నీకేమీ కాదు’ అని ఆయన నోటితోనే చెప్పించండి. ఆ తర్వాత ‘జన్మలో ముట్టను’ అనే మాట ఇంట్లో ఎవరూ అడగవద్దు. ‘ఇవాళ్టి మాత్ర నాలుక కింద పెట్టుకున్నావా?’ ఇది అడగండి. దీనికి జవాబు మీ కళ్లతో చూడవచ్చు.

బుప్రెనార్ఫిన్ 6 మి.గ్రా. నాలుగు నెలలుగా వాడుతున్నాను. పనికి పోతున్నాను. అయినా ‘ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకున్నావు, ఇదెప్పుడు మానతావు’ అని అమ్మ రోజూ అంటోంది. తొమ్మిదేళ్ల మా బాబు నా దగ్గరికి రాడు. సైకిల్ కొనిస్తే తీసుకున్నాడు కానీ మాట్లాడడు. – పాఠకుడు, కరీంనగర్

మీ అమ్మగారికి ఇలా చెప్పండి. పాత మాత్రలు ఎన్ని మింగితే అంత మత్తెక్కించేవి, ఆరేడు గంటలకి దిగిపోయి మళ్లీ వెతుక్కునేలా చేసేవి. బుప్రెనార్ఫిన్ కొంతవరకే పనిచేస్తుంది. ఆ గీత దాటాక ఎక్కువ వేసుకున్నా అదనంగా మత్తు రాదు. నెమ్మదిగా పనిచేసి రోజంతా నిలబడుతుంది. అందుకే మీరు పొద్దున్నే లేచి పనికి పోగలుగుతున్నారు.

ఎప్పుడు మానాలి? నాలుగు నెలలకి కాదు. కనీసం ఒక ఏడాది, చాలామందికి అంతకన్నా ఎక్కువ. కొన్ని వారాలకే ఆపేసినవాళ్లలో ఎక్కువమంది పాత మాత్రల్లోకి జారిపోతారు. ఆపిన మొదటి వారాల్లోనే ప్రాణాపాయమూ ఎక్కువ. తగ్గించే రోజు వచ్చినప్పుడు కూడా రెండు నుంచి నాలుగు వారాలకి ఒక మెట్టు దిగాలి. చివరి 2 మి.గ్రా. అన్నిటికన్నా కష్టం, 0.4 మి.గ్రా. మాత్రలు అక్కడే పనికొస్తాయి. ఇల్లు మారేటప్పుడు, కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నప్పుడు తగ్గించడం మొదలుపెట్టకండి. మీకు తెలియకుండా అన్నంలో కలపమని ఎవరైనా పొడి ఇస్తే అమ్మగారిని కలపనివ్వకండి. అందులో ఏముందో ఎవరికీ తెలియదు, ఈ జబ్బుకి అలాంటి పొడి లేదు.

మాత్ర వాడే తీరులో కొన్ని జాగ్రత్తలున్నాయి. నోరు నీళ్లతో తడుపుకొని నాలుక కింద పెట్టుకోండి. కరగడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ఆలోపు మింగితే మందు సగం కూడా ఒంటికి పట్టదు. కరిగాక నీళ్లు పుక్కిలించి మింగండి, గంట ఆగి పళ్లు తోముకోండి. అశ్రద్ధ చేస్తే పళ్లు పుచ్చుతాయి. మలబద్ధకం దాదాపు అందరికీ ఉంటుంది, ఇసబ్‌గోల్‌తో పాటు నీళ్లు బాగా తాగండి. మద్యం తాగడం, ఆల్ప్రజోలామ్ వేసుకోవడం మాత్రం పూర్తిగా వద్దు. విడివిడిగా పెద్ద హాని చేయనివి కూడా కలిస్తే ఊపిరిని అణిచేస్తాయి.

వారానికి, రెండు వారాలకి ఇంటికిచ్చిన మాత్రలు తాళం వేసే పెట్టెలో ఉండాలి. తగిలించిన చొక్కా జేబులో, ఫ్రిజ్ మీద, దేవుడి అరలో పెట్టకూడదు. మీకు 6 మి.గ్రా. ఏమీ చేయదు. చుట్టపుచూపుగా వచ్చిన రెండేళ్ల పిల్లకి ఒక్క మాత్ర చాలు, ప్రాణం తీస్తుంది. అలా నోట్లో పెట్టుకున్నట్టు అనుమానం వచ్చినా ‘చూద్దాం’ అనుకోకుండా వెంటనే 108.

బాబు సంగతికొస్తే, సైకిల్ వాడికి అక్కర్లేదు, రేపు కూడా మీరు ఇలాగే ఉంటారా అన్నది కావాలి. ఆ నమ్మకం మాటలతో కుదరదు, వేళతో కుదురుతుంది. రోజూ ఒకే పని, ఒకే సమయానికి ఎత్తుకోండి. ఎనిమిదింటికి స్కూలు బస్సు దాకా దింపడమో, రాత్రి ఎక్కాలు చెప్పించడమో, ఏదైనా ఒక్కటే. రెండోది ఒప్పుకోకండి. వెళ్లలేని రోజు ముందే చెప్పండి. మూడు నుంచి ఆరు నెలలు వాడు పరీక్షిస్తాడు. ‘నువ్వెందుకొచ్చావు, అమ్మ రావాలి’ అంటాడు. అరవకండి, వెళ్లిపోకండి. ‘నాన్నకి ముద్దు పెట్టు’ అని పెద్దలు బలవంతం చేయకూడదు, ‘నన్ను క్షమించావా’ అని మీరు అడగకూడదు. ఒకసారి, ఐదు నిమిషాలు మించకుండా నిజం చెప్పండి: ‘నాకు నొప్పి మాత్రలు మానలేని జబ్బు వచ్చింది. అప్పుడు నిన్ను తిట్టాను, చెప్పినవి మర్చిపోయాను. అది నీ వల్ల కాదు. ఇప్పుడు మందు వాడుతున్నాను. నీకేం అడగాలన్నా అడుగు.’ అడిగేది వారం తర్వాత, బండి మీద వెళ్తున్నప్పుడు కావచ్చు. అప్పుడు జవాబు చెప్పండి.

ఇల్లు నడిపిన ఈ కాలంలో మీ భార్య పెట్టుకున్న పద్ధతులుంటాయి. టీవీ ఎంతసేపు, పడుకునేది ఎప్పుడు అన్నవి మార్చే తొందర వద్దు. కనీసం కొన్ని నెలలు శిక్షలు, కట్టడి ఆమెకే వదిలేయండి. ‘నాన్న మాత్ర వేసుకున్నాడా చూసిరా’ అని బాబుని కాపలా పెట్టడం కూడా ఎవరూ చేయకూడదు. నాలుగు వారాలు దాటినా పక్క తడపడం, స్కూలుకి ముందు కడుపునొప్పి, మార్కులు పడిపోవడం ఉంటే పిల్లల డాక్టరుకి చూపించండి.

మళ్లీ తప్పితే ఏం చేయాలో బాగున్న రోజునే కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించండి. ఎవరికి ఫోన్ చేయాలి, ఆ రాత్రి బాబు ఎవరి దగ్గర పడుకోవాలి, డబ్బు కార్డు ఎవరి చేతిలో ఉండాలి అన్నవి రాయండి. ఒకసారి పాత మాత్ర వేసుకున్నంత మాత్రాన బుప్రెనార్ఫిన్ సొంతంగా ఆపకండి, రెట్టింపూ చేయకండి. అదే రోజు కేంద్రానికి చెప్పండి. కొన్ని రోజులు బుప్రెనార్ఫిన్ మానేసి పాతవి వాడి ఉంటే మాత్రం వాళ్లని అడగకుండా మళ్లీ మొదలుపెట్టకూడదు.

చికిత్సకి వెళ్తే పోలీసు కేసు పెడతారని భయం. – పాఠకుడు, ఖమ్మం

చికిత్స కోసం సైకియాట్రీ ఓపీకి వెళ్లడం నేరం కాదు. మీరు చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ట్రమడాల్ 2018 నుంచి ఎన్‌డీపీఎస్ (మత్తు మందుల నియంత్రణ) చట్టం కింద ఉంది, కాబట్టి చీటీ లేకుండా దగ్గర పెట్టుకోవడం ప్రమాదమే. కానీ అదే చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వాడినందుకో కొద్ది మొత్తం దగ్గరున్నందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు, ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న సంస్థలో తనంతట తాను చికిత్స తీసుకుంటే విచారణ నుంచి రక్షణ ఉంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఓపీ కార్డు, మందుల చీటీలు పారేయకండి.

నాకు నాలుగో నెల. ఏడాదిగా బుప్రెనార్ఫిన్ వాడుతున్నాను. బిడ్డకి మంచిది కాదు, ఇవాళే ఆపమని మా అత్తగారు. – పాఠకురాలు, విజయనగరం

ఆపకండమ్మా. ఒక్కసారిగా ఆపితే వచ్చే బాధ మిమ్మల్ని మళ్లీ పాత మందు వైపు నెడుతుంది. కడుపులో బిడ్డకి అదే పెద్ద ప్రమాదం. గర్భిణులకు బుప్రెనార్ఫిన్ కొనసాగించడమే వైద్యుల పద్ధతి. నెలలు నిండేకొద్దీ మోతాదు కొంచెం పెంచాల్సి రావచ్చు, లేదా అదే మోతాదుని రోజుకి రెండు మూడుసార్లుగా విడగొట్టవచ్చు. అది మీ తప్పేమీ కాదు.

కాన్పు చేసే డాక్టరుకి, పిల్లల డాక్టరుకి ఇద్దరికీ ముందే చెప్పండి. దాస్తే వచ్చే చిక్కు ఏమిటంటే, పుట్టిన మొదటి కొన్ని రోజుల్లో బిడ్డకి వణుకు, ఆపకుండా ఏడవడం, పాలు సరిగా పట్టకపోవడం ఉండవచ్చు. కారణం తెలియకపోతే వేరే జబ్బుల వెంట పడతారు. తెలిస్తే దానికి వైద్యం ఉంది, తగ్గిపోతుంది. బిడ్డని వేరే గదిలో పెట్టకుండా మీ ఒంటికి ఆనించి పడుకోబెట్టుకోవడం, వెలుగూ చప్పుడూ తగ్గించడం, కొద్దికొద్దిగా తరచూ పాలివ్వడం చాలా పనిచేస్తాయి. మోతాదు నిలకడగా ఉండి, వేరే మత్తు వాడనంతకాలం మీ పాలు ఇవ్వవచ్చు. పాలు తెగ్గొట్టేటప్పుడు మాత్రం ఒక్కసారిగా వద్దు. బాలింత నొప్పులకి ఎవరైనా ట్రమడాల్ రాస్తే మీ సంగతి చెప్పి వేరేది అడగండి. పుట్టింటికి వెళ్తే అక్కడ మందు ఎక్కడ తీసుకోవాలో కేంద్రంలో ముందే రాయించుకోండి.

ఎనిమిది నెలలుగా మనవరాలు (11), మనవడు (5) నా దగ్గరే ఉన్నారు. కోడలు లేదు. కొడుకు ఇంజెక్షన్లు మానేసి మూడు నెలలుగా చికిత్సలో ఉన్నాడు. పిల్లల్ని పంపమంటున్నాడు. – పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

పెద్దమ్మా, తారీఖు చూసి కాదు, కొన్ని గుర్తులు చూసి పంపండి. కేంద్రం కార్డులో మూడు నెలలూ హాజరు ఉందా? పొద్దున వేళకి లేస్తున్నాడా? జీతం వచ్చిన పదో రోజుకి కూడా చేతిలో డబ్బు ఉంటోందా? ‘ఇవాళ మనసు బాగోలేదు, రేపొస్తాను’ అని ముందే చెప్పగలుగుతున్నాడా? చివరిదానికి మేం ఎక్కువ విలువిస్తాం. ఇంజెక్షన్లు వాడాడు కాబట్టి హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించారో లేదో అడగండి. హెపటైటిస్ సికి ఇప్పుడు నయం చేసే మాత్రలున్నాయి.

తిరిగి పంపడం మెట్లు మెట్లుగా ఉండాలి. మొదట ఆదివారం మధ్యాహ్నాలు మీ ఇంట్లో. నెల సాఫీగా గడిస్తే తన ఇంట్లో పగలు. తర్వాత ఒక రాత్రి, ఇంకో పెద్దమనిషి తోడుంటేనే. స్కూలున్న రోజులు అన్నిటికన్నా చివర. ఆగాల్సి వస్తే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి, అంతేగాని ‘ఇంక నీకు పిల్లల్ని చూపించను’ అనవద్దు. ఆ మాట ఆయన్ని మళ్లీ మత్తులోకి, పిల్లల్ని భయంలోకి తోస్తుంది.

పదకొండేళ్ల పిల్ల మీద కన్నేసి ఉంచండి. తండ్రి ఒంటరిగా ఉన్నప్పుడు తమ్ముడికి అన్నం పెట్టడం, తండ్రి జేబులు వెతకడం, ఎవరైనా వస్తే ‘నాన్న పడుకున్నాడు’ అని చెప్పడం ఈ పిల్ల చేసే ఉంటుంది. ఆ బరువు దింపాలి. తమ్ముడి స్నానం, అన్నం, హోంవర్కు తండ్రే చేయాలి, పిల్ల చేయబోతే ‘నువ్వెళ్లి ఆడుకో’ అనాలి. ఊపిరి మందగించి, పెదాలు నీలంగా మారి, పిలిచినా లేవకపోతే 108కి ఫోన్ చేసి పక్కింటివాళ్లని పిలవాలని మాత్రం నేర్పండి. నిమ్మరసం, మజ్జిగ నోట్లో పోయడం, ఎత్తి నడిపించడం పెద్దలు కూడా చేయకూడదు. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి.

మా మరిదికి ఇక్కడ శస్త్రచికిత్స తర్వాత ఆక్సికోడోన్ అనే నొప్పి మాత్ర అలవాటైంది. రీహాబ్ నుంచి వచ్చే వారం మా ఇంటికి వస్తున్నాడు. చిన్నపిల్లలున్నారు. – పాఠకురాలు, డాలస్

వచ్చే ముందే నాలోక్సోన్ ముక్కు స్ప్రే రెండు పెట్టెలు కొనండి. 2023 నుంచి అమెరికాలో చీటీ లేకుండా ఫార్మసీలోనే దొరుకుతోంది. ఒకటి వంటింట్లో, ఒకటి అతని గది బయట పెట్టండి. రీహాబ్ నుంచి వచ్చిన మొదటి వారాల్లో శరీరం పాత మోతాదుని తట్టుకోలేదు కాబట్టి ఇది అవసరం. లేపినా లేవకపోతే 911కి చేసి ఒక ముక్కులో కొట్టండి. రెండు మూడు నిమిషాలకి తేడా లేకపోతే రెండో ముక్కులో కొత్త స్ప్రే. లేచి కూర్చున్నా ఆసుపత్రికి పంపాలి. స్ప్రే పని అరగంట, గంటన్నరలో తగ్గిపోతుంది, ఒంట్లో మందు మిగిలే ఉండవచ్చు. అమెరికాలో ఇప్పుడు డీఈఏ (అక్కడి మత్తు మందుల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న మామూలు డాక్టర్లు కూడా బుప్రెనార్ఫిన్ రాయగలరు. రీహాబ్‌లో మొదలుపెట్టకపోతే మొదటి వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఇల్లంతా ఒకసారి వెతకండి. పన్ను పీకినప్పుడు ఇచ్చిన మాత్రల్లో మిగిలినవి, అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు సూట్‌కేసులో తెచ్చుకుని వదిలేసిన ట్రమడాల్ కలిసిన మోకాళ్ల నొప్పి మాత్రలు చాలా ఇళ్లలో ఉంటాయి. ఫార్మసీల్లో వాడని మందులు వేసే డబ్బాలుంటాయి, అందులో వేసి రండి.